చెరువు చేప

“బాబాయి వాయిస్ మెసేజ్ ఇంకోసారి పెట్టు,” అంది ఊర్మిళ.

శశికాంత్ ఫోన్ తీసి బల్ల మీద బోర్లించాడు. “నాలుగుసార్లు విన్నవ్. ఐదోసారి వింటే మారుతదా?”

“నేను వినడానికి కాదు. సంతకం పెట్టేముందు నువ్వు వినాలి.”

బల్ల మీద అతను నిన్న రోజంతా కూర్చుని రాసిన వివరణ పత్రం ఉంది. జర్మన్‌లో ఒకటిన్నర పేజీ. సంతకం చోటు ఇంకా ఖాళీగానే ఉంది. మధ్యాహ్నం రెండు గంటలకు దాన్ని పట్టుకుని కంపెనీలో హాజరు కావాలి. ఇప్పుడు తొమ్మిదిన్నర. కిటికీ అద్దాల మీద హాంబర్గ్ వాన అడ్డంగా కొడుతోంది.

సోమవారం అతన్ని ఇంటికి పంపేశారు. ఎక్కడెక్కడి నుంచో చేపలు తెప్పించి సూపర్‌మార్కెట్లకు పంపే కంపెనీ అది. పాకెట్ల మీద లేబుల్ సమాచారం ఎక్కించడం శశికాంత్ పని. చేప పాకెట్ వెనక, అది పట్టిందో పెంచిందో రాసి తీరాలి. ఇండియా నుంచి వచ్చిన కొరమేను ముక్కల మీద అతను ‘గెఫాంగెన్’ అని ఎక్కించాడు. అంటే, పట్టినది.

సూపర్‌మార్కెట్ వాళ్ళు ఒక పాకెట్ ల్యాబ్‌కు పంపారు. మేత తిని పెరిగిన చేప అని తేలింది. సరుకంతా అరల్లోంచి వెనక్కి వచ్చింది. కావాలనే మార్చి రాశాడని కంపెనీ తేల్చితే ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే, జర్మనీలో ఉండనిచ్చే బ్లూ కార్డ్ ఎన్నాళ్ళుంటుందో ఎవరూ చెప్పలేరు.

ఆ సరుకు పంపింది కైకలూరు ఎగుమతిదారు లక్ష్మణరావు. ఊర్మిళకు సొంత బాబాయి. తండ్రి పోయాక ఆమెను చదివించింది ఆయనే.

“రెండో పేరాలో ఆ వాక్యం తీసెయ్,” అంది ఊర్మిళ.

ఆ వాక్యం ఆమెకు ఇప్పటికి కంఠతా వచ్చింది. ‘ఇది పట్టిన చేప అని ఎగుమతిదారు నాకు నోటిమాటగా హామీ ఇచ్చాడు.’

“తీస్తే ఏం మిగుల్తది? నా ఒక్కడి తప్పు మిగుల్తది.”

“బాబాయి పట్టిన చేప అని అన్లేదు.”

“అన్నడు. చెరువు చేప అన్నడు. పట్టుబడి అని కూడా అన్నడు. పట్టుబడి అంటే పట్టుడు కాదా?”

“చెరువు చేపనే అన్నాడు. నేనూ అదేగా చెప్పేది.”

ఇద్దరూ ఒకే మాటను చెరో చివరా పట్టుకుని లాగుతున్నారు. అది వాళ్ళకు ఇంకా తెలియదు.

పొయ్యి దగ్గర ఉల్లిగడ్డలు తరుగుతున్న శ్యామలాదేవి వెనక్కి తిరగలేదు. ఆమె జనగామ నుంచి కొడుకు శశికాంత్ దగ్గరికి వచ్చి నెలైంది. ఈ నాలుగు రోజుల్లో ఆమె మాట్లాడింది తక్కువ. కత్తిపీట లేని వంటింట్లో చాకుతో తరగడం మీదే ఆమె కోపమంతా పోతోంది.

“మీ బాబాయి మంచోడే పిల్లా, కాదంటలేను,” అంది. “కని నా కొడుకు కొలువు పోతే మీ బాబాయి చెరువుకాడ కావలి పెట్టుకుంటడా?”

“అత్తయ్యా, మీరు కాసేపు ఊరుకోండి.”

“ఊకనే ఉన్న కదనే నాలుగు దినాలసంది. ఉన్నమాట అంటున్న. చెరువు చేప అని ఆయన చెప్పె. చెరువుల పట్టిన చేప అని వీడు రాసె. అండ్ల తప్పెక్కడున్నది? ఆ ల్యాబోళ్ళకే తెల్వదు.”

ఊర్మిళ ఆమె వైపు తిరిగింది.

“చెరువులో పట్టడం ఏంటి అత్తయ్యా?”

“వల ఏసి పట్టుడు. ఇంకెట్ల పడ్తరు?”

“అది కాదు. చెరువు చేప అంటే చెరువులో పెంచిన చేప కదా.”

శ్యామలాదేవి ఇప్పుడు తిరిగింది. చాకు చేతిలోనే ఉంది. “చెరువుల చేపను ఎవడు పెంచుతడు? వానకు చెరువు నిండుతది, చేపలైతయి. బెస్తోళ్ళు వలేస్తరు. ఎండాకాలం నీళ్ళు గుంజినంక బురదల బొమ్మెలు, గవ్వే మీ కొరమేన్లు, దొరుకుతయి. గవ్వే చెరువు చేపలు. మా జనగామ అంగడిల వాటికే రేటెక్కువ. పెంచినయి ఫారం చేపలు. వాటిని మేం ముట్టం.”

ఆమె పొయ్యి మీద పొగ లాగే ఫ్యాన్ ఆపేసింది.

శశికాంత్ భార్య వైపు చూశాడు. “ఊర్మీ, మీ దిక్కు చెరువు అంటే ఏంది?”

“చెరువంటే చెరువే.”

“అదే ఏందో చెప్పు.”

“చేపల చెరువు. గట్లు వేసి, మోటారుతో నీళ్ళు పెట్టి, చేపపిల్లల్ని వదిలి, మేత వేస్తారు. ఎదిగాక నీళ్ళు తోడి పట్టుబడి చేస్తారు. మా ఊళ్ళో వరిచేల కంటే చెరువులే ఎక్కువ.”

“మరి పెంచంది కావాలంటే?”

“ఏటి చేప అని అడుగుతాం. కొల్లేటి చేప అంటాం. చెరువు చేప అని ఎందుకంటాం?”

పెళ్ళయి ఏడేళ్ళు. చెరువు అన్న మాట ఇద్దరి నోటా ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో లెక్కలేదు. ఒక్కసారీ అర్థం అడగాల్సిన పని పడలేదు.

శశికాంత్ మొన్న జూన్‌లో జరిగింది గుర్తు చేసుకున్నాడు. కైకలూరు నుంచి వచ్చిన కాగితంలో ఒక గడి ఖాళీగా ఉంది. చేప పట్టిందా, పెంచిందా అన్న గడి. పద్ధతి ప్రకారం ఆ కాగితాన్ని తిప్పి పంపాలి. అతను వాట్సాప్‌లో తెలుగులో అడిగాడు. మనవాళ్ళే కదా, మన భాషే కదా అనుకున్నాడు. పావుగంటలో వాయిస్ మెసేజ్ వచ్చింది. ‘చెరువు చేప’ అని విన్నాడు. గడిలో ‘గెఫాంగెన్’ అని కొట్టాడు.

“అంటే ఆయన అబద్ధం ఆడలే,” అన్నాడు మెల్లగా. “నేనూ ఆడలే.”

“ఎవరూ ఆడలేదు.”

అతను పెన్ను తీసుకుని రెండో పేరాను అడ్డంగా కొట్టేశాడు. ఊర్మిళ ముఖం నాలుగు రోజుల తర్వాత కొంచెం విప్పారింది.

“ఇంతింత సదువులు సదువుకొని, నేను చెప్తె గాని తెల్వదు మీకు,” అని శ్యామలాదేవి మళ్ళీ ఉల్లిగడ్డల మీద పడింది.

“కంపెనీ వాళ్ళు తెలుగు అనువాదకురాలిని పిలిపిస్తున్నారన్నావుగా,” అంది ఊర్మిళ. “ఆవిడ ముందు మెసేజ్ పెట్టెయ్. చెరువంటే ఎవరి ఊళ్ళో ఏంటో ఆవిడే చెబుతుంది. గోల వదిలిపోతుంది.”

శశికాంత్ ఫోన్ వైపు చెయ్యి చాపాడు. ఫోన్ మీద పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

“ఏంటి?”

అతను ఫోన్ తిప్పి మెసేజ్ నొక్కాడు. లక్ష్మణరావు గొంతు గలగలమంది.

‘అల్లుడుగారూ, నమస్తేనండీ...’

వేలితో ఆపేశాడు.

“ఎందుకాపావ్?”

“ఆ మొదటి మాట.”

“అల్లుడుగారూ అన్నాడు. అయితే?”

అతను కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. “కొత్త సప్లయర్‌ను ఎక్కించేటప్పుడు ఒక ఫారం నింపాలె. ఆ కంపెనీల నీ చుట్టాలెవరన్న ఉన్నరా అని అడుగుతది.”

“ఏం రాశావ్?”

“లేరని.”

చాకు చప్పుడు ఆగిపోయింది.

ఊర్మిళ కుర్చీ వెనక్కి జరిపి కూర్చుంది. అరవలేదు. అరిచి ఉంటే శశికాంత్‌కు తేలికగా ఉండేది.

“ఎందుకు?”

“ఉన్నరంటే ఫైలు ఇంకొకరి చేతికి పోతది. మూడు నెలలు ఆగుతది. అప్పటికే మీ బాబాయి సరుకు కోల్డ్ స్టోరేజీల పెట్టుకొని దినాం ఫోన్ చేస్తుండె. భార్య నాయన తమ్ముడంటే వీళ్ళ లెక్కల చుట్టమే కాదనుకున్న.”

“మన లెక్కలో?”

అతను పెన్నుకు మూత పెట్టాడు.

“నాకు ఒక్క మాట చెప్పలేదు నువ్వు.”

“చెప్తె వద్దంటవని.”

“వద్దనేదాన్నే.”

“అందుకే చెప్పలే.”

అతన్ని గట్టెక్కించగలిగింది ఆ మెసేజ్ ఒక్కటే. అతను ఫారంలో అబద్ధం రాశాడని చెప్పేదీ అదే. కొట్టేసిన పేరా కింద సంతకం చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

“రెండు సెకన్లు,” అన్నాడు శశికాంత్ చివరికి. “మొదటి రెండు సెకన్లు కోసేస్త. నమస్తేనండీ నుంచి మొదలైతది. చెరువు మాట మారదు, పట్టుబడి మారదు. అల్లుడుగారు ఒక్కటే పోతది.”

“తెలిస్తే?”

“ఎట్ల తెలుస్తది?”

“కొయ్యిరా,” అంది శ్యామలాదేవి గోడకు చెప్పినట్టు. “కొలువు కంటె ఎక్కువనా రెండు సెకండ్లు.”

ఊర్మిళ లేచి తన ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. తలుపు వేసుకుంది.

లక్ష్మణరావు వెంటనే ఎత్తాడు. వెనక చెరువులో నీళ్ళు చిలికే యంత్రం కొట్టుకుంటోంది.

“ఏమ్మా ఊర్మిళా. పాప బావుందా?”

“స్కూల్‌కి వెళ్ళింది బాబాయ్. నువ్వు ఆ యంత్రానికి దూరంగా వచ్చి మాట్లాడు, సరిగ్గా వినపడట్లేదు.”

ఆమె చెరువు సంగతి చెప్పింది. ఆయన మొదట పకపకా నవ్వాడు.

“చెరువు చేపంటే వానకి పుట్టిందనుకున్నారా అల్లుడుగారు? నెలకి ఎన్ని బస్తాల మేత దిగుతుందో ఇక్కడికొచ్చి చూడమను. ఆ గడి మా కుర్రాడు ఖాళీగా వదిలేశాడమ్మా. కాగితం వెనక్కి పంపితే ఆ రోజే నింపి ఇచ్చేవాణ్ణి.”

“అదొక్కటే కాదు బాబాయ్.”

ఫారం సంగతి చెప్పేసరికి నవ్వు ఆగింది.

“చుట్టాలెవరూ లేరని రాశారా?”

“రాశాడు.”

“నా సరుకు కదలాలనేగా రాసింది.”

“ఎందుకైనా, తప్పు తప్పే.”

“నన్ను అడిగితే నేనేం చెప్పాలమ్మా?”

“నిజం చెప్పు.”

“నిజం చెబితే అల్లుడుగారి ఉద్యోగం ఉంటుందా?”

ఊర్మిళ తడిసిన బాల్కనీ కమ్మీ పట్టుకుంది. “తెలీదు,” అంది.

“సరేలే. నేను చూసుకుంటాను. నువ్వు కంగారు పడకు, పాపకి అన్నం పెట్టుకో.”

“బాబాయ్, నువ్వు చూసుకోవడం కాదు. విను...”

ఫోన్ పెట్టేశాడు. ఆమె మళ్ళీ చేసింది. మోగి మోగి ఆగింది. ఇంకోసారి చేస్తే ఆ మోగడమూ లేదు.

లోపలికి వచ్చేసరికి శశికాంత్ పని ముగించాడు. ఫోన్‌లో ఇప్పుడు రెండు మెసేజ్‌లు ఉన్నాయి. ఒకటి అల్లుడుగారూ అని మొదలవుతుంది. రెండోది నమస్తేనండీ అని.

“రెండోదాన్ని తీసెయ్,” అంది ఊర్మిళ.

“ఉండనీ.”

“మొత్తం వినిపించు. వాళ్ళు అడక్కముందే ఫారం సంగతి నువ్వే చెప్పు. తర్వాత ఏమైతే అదవుతుంది. సామాన్లు సర్దుకోవాలంటే సర్దుకుందాం.”

“నువ్వు చెప్పినంత అల్కగ లేదు ఊర్మీ.”

“లేదు. తెలుసు.” ఆమె కొట్టేసిన పేరా ఉన్న కాగితాన్ని మడిచి అతని సంచిలో పెట్టింది. “ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. బాబాయిని అబద్ధాలకోరుని చేసి మాత్రం ఈ ఇంటికి రాకు.”

శ్యామలాదేవి కోడలి వైపు చూసింది. గొడుగు తెచ్చి కొడుకు సంచి పక్కన పెట్టింది.

*

ఇంటి దగ్గరి హార్‌బుర్గ్ స్టేషన్లో ఎస్-బాన్ లోకల్ రైలు ఎక్కినప్పుడు పన్నెండున్నర దాటింది. ఎల్బ నది మీద గాలికి రైలు అద్దాలు గుయ్యిమన్నాయి. శశికాంత్ రెండు మెసేజ్‌లనూ చెవిలో పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి విన్నాడు. కోసిన చోటు ఎక్కడో తెలిసిన తనకే అతుకు కనిపించలేదు. బాగా కోశాడు.

కంపెనీ ఉన్న ఆల్టోనాలో దిగేటప్పుడు ఊర్మిళ నుంచి ఒక వాక్యం వచ్చింది. ‘బాబాయి ఇంకా ఫోన్ ఎత్తట్లేదు.’

గదిలో ఇద్దరున్నారు. నాణ్యత విభాగం అధికారి ఫ్రావు, అంటే శ్రీమతి, బ్రోడర్సన్ కిటికీ పక్కన కూర్చుంది. శశికాంత్ ఇక్కడ పనిచేసిన ఆరేళ్ళలో ఆమె గొంతు పెంచగా ఎవరూ వినలేదు. కోపం వచ్చిన రోజు ఇంకా మెల్లగా మాట్లాడుతుంది. ఆమెకు ఎదురుగా యాభై దాటిన తెలుగావిడ, ముందు నోటు పుస్తకం. కోర్టుల్లో ప్రమాణం చేసిన అనువాదకురాలు, హైమావతి.

“నమస్కారమండీ,” అన్నాడు శశికాంత్.

“నమస్కారం. ఇక తెలుగు ఇంతటితో ఆపేయండి. నేనిక్కడ మీ మనిషిని కాను, వీళ్ళ మనిషిని కాను,” అందామె.

సంభాషణ జర్మన్‌లోకి మారింది. శశికాంత్ సంతకం లేని పత్రాన్ని సంచిలోనే ఉంచి, చెరువు గురించి నోటితోనే చెప్పాడు. జనగామ చెరువు, కైకలూరు చెరువు. చెబుతుంటే తనకే అది కట్టుకథలా వినిపించింది.

ఫ్రావు బ్రోడర్సన్ మెల్లగా అడిగింది. “ఒకే భాష. ఒకే మాట. ఒక ఊళ్ళో పట్టిన చేప, ఇంకో ఊళ్ళో పెంచిన చేప. అంతేనా?”

“అంతే.”

ఆమె హైమావతి వైపు తిరిగింది. “ఇది సాధ్యమా?”

“మాది అనంతపురం,” అంది హైమావతి. “మా వైపు చెరువంటే వాన కోసం ఎదురుచూసేది. నీళ్ళున్నాయా అని అడుగుతాం. చేపల దాకా రాం. మాట్లాడినవాడి ఊరిని బట్టి అర్థం ఉంటుందని రాయగలను. అంతకు మించి రాయలేను.”

“మెసేజ్ వినిపించండి.”

శశికాంత్ ఫోన్ తీశాడు. తెర మీద ఒకదాని కింద ఒకటి రెండు మెసేజ్‌ల గీతలు. ఒకటి రెండు సెకన్లు పొట్టి. వేలు పొట్టిదాని మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది.

“ఏమైనా సమస్యా?” అంది ఫ్రావు బ్రోడర్సన్.

“లేదు.”

పైదాన్ని నొక్కాడు.

‘అల్లుడుగారూ, నమస్తేనండీ. ఇదంతా చెరువు చేపేనండీ. మొన్న వేసవిలో పట్టుబడి చేసిన సరుకు. మీరు నిశ్చింతగా రాసేసుకోండి.’

హైమావతి ఒక్కొక్క మాటకూ జర్మన్ రాసింది. మొదటి మాట దగ్గర కలం కొంచెం ఆగింది. తర్వాత ఉన్నదున్నట్టు చదివింది. కూతురి భర్త అని చదివి, సోదరుల కూతుళ్ళ భర్తలను కూడా తెలుగులో ఇలాగే పిలుస్తారని చేర్చింది.

ఫ్రావు బ్రోడర్సన్ తలెత్తింది. ఆమె నోరు తెరవకముందే శశికాంత్ మాట్లాడాడు.

“ఆయన నా భార్యకు బాబాయి. ఫారంలో లేరని రాశాను. అది అబద్ధం. చెరువు సంగతి అబద్ధం కాదు.”

ఆమె ఫైల్లోంచి ఒక కాగితం తీసి అతని ముందుకు జరిపింది. అదే ఫారం. ‘లేరు’ అన్న గడిలో అతను పెట్టిన గీత.

“ఈ ఒక్క గీతకు మిమ్మల్ని ఈ రోజే తీసేయవచ్చు. తెలుసా?”

“తెలుసు.”

“మరి ఎందుకు చెప్పారు?”

“మీరు అడగబోతున్నారు.”

ఆమె కాగితాన్ని మళ్ళీ తన ముందుకు లాక్కుంది. కింద రేవులో ఏదో ఓడ కూత పెట్టింది. హైమావతి నోటు పుస్తకం మీద నుంచి కళ్ళు ఎత్తలేదు.

“తనకు నష్టమని తెలిసీ చెప్పిన మనిషి మాటను వినాలి,” అంది ఫ్రావు బ్రోడర్సన్. “మీ మాట నిలబడాలంటే ఇంకొకరు చెప్పాలి. ఆ ఎగుమతిదారును రెండే ప్రశ్నలు అడుగుతాను. ఆయన చెప్పేది మీరు చెప్పినదానితో సరిపోతే లేబుల్‌ను పొరపాటుగా రాస్తాను. ఫారానికి రాతపూర్వక హెచ్చరిక. సోమవారం నుంచి పనిలోకి రావచ్చు. మీరు మాట్లాడకూడదు.”

శశికాంత్ తలూపాడు. సోమవారం అన్న మాట చెవుల్లో ఉండిపోయింది.

బల్ల మధ్యలో ఉన్న ఫోన్ నుంచి కైకలూరు నంబరు కలిపారు.

పొద్దుట్నుంచి ఊర్మిళకు దొరకని మనిషి మొదటి రింగుకే ఎత్తాడు. “హలో, లక్ష్మణరావునండీ,” అన్నాడు. ఈ ఫోన్ కోసమే కూర్చున్నట్టుంది గొంతు.

హైమావతి తానెవరో చెప్పింది. ఎవరి తరఫున అడుగుతున్నదో చెప్పింది. గదిలో ఇంకెవరున్నదీ చెప్పలేదు. మొదటి ప్రశ్న అడిగింది.

“మీరు చెరువు చేప అన్నారు. అంటే ఏమిటండీ?”

“పెంచిన చేపండీ. మేత వేసి పెంచింది. ఇక్కడ పసిపిల్లాడినడిగినా చెబుతాడు. కాగితంలో ఆ గడి ఖాళీ వదిలింది మావాళ్ళ తప్పు. దాన్నెవరి మీదా తోయను.”

హైమావతి జర్మన్‌లో చెప్పింది. ఫ్రావు బ్రోడర్సన్ కాగితం మీద ఒక టిక్కు పెట్టింది. శశికాంత్ మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతులు వదులయ్యాయి.

“రెండో ప్రశ్న. శశికాంత్ గారు మీకు ఏమవుతారు?”

అవతల యంత్రం నీళ్ళు చిలుకుతోంది. ఒకటి, రెండు, మూడు సెకన్లు.

“ఏమీ కారండీ. సరుకు విషయంలో పరిచయం. అంతే.”

హైమావతి కలం ఆగింది. “అల్లుడుగారూ అని పిలిచారు కదండీ మెసేజ్‌లో.”

“మా వైపు మర్యాదకి ఎవర్నైనా అలాగే అంటామండీ. మీరూ తెలుగువాళ్ళే కదా, మీకు తెలియంది ఏముంది. చుట్టరికం గిట్టరికం ఏమీ లేదు. కావాలంటే రాసిస్తాను.”

ఆమె శశికాంత్ వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆమె పడిన కష్టం అతనికి కనిపించింది. మొత్తం జర్మన్‌లో చెప్పింది, రాసిస్తానన్న మాటతో సహా.

ఫ్రావు బ్రోడర్సన్ రెండో టిక్కు పెట్టలేదు. గొంతు బాగా తగ్గించింది.

“మీ ఇద్దరిలో ఒకరు నాకు ఇప్పుడు అబద్ధం చెబుతున్నారు. ఆయన నమ్మదగిన మనిషైతే మీరు కారు. మీరు నమ్మదగిన మనిషైతే, ఆయన మొదటి జవాబును నేనెందుకు నమ్మాలి?”

తను చెప్పినదాని మీదే నిలబడితే లక్ష్మణరావు అబద్ధాలకోరు. నోరు మూసుకుంటే తను. శశికాంత్‌కు ఊర్మిళ ముఖం గుర్తొచ్చింది, కాగితం మడుస్తున్నప్పటి ముఖం. ఆయనే మాట మార్చుకుంటే తప్ప ఇద్దరూ బయటపడే దారి లేదు.

అతను బల్ల మీదికి వంగాడు. ఫ్రావు బ్రోడర్సన్ చెయ్యి ఎత్తేలోపే ఫోన్‌లోకి తెలుగులో అన్నాడు.

“మామయ్యగారూ, నేను శశిని. ఈడనే ఉన్న. నేను అంత చెప్పేసిన, మీరు మా మామయ్య అని కూడా చెప్పిన. ఇగ దాచేదేం లేదు. మీరు కూడా చెప్పేయుండ్రి.”

యంత్రం చప్పుడు ఒక్కసారిగా ఆగింది. అక్కడెవరో ఆపేసినట్టున్నారు. కైకలూరు నుంచి మనిషి ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

హైమావతి ఆ మాటలన్నీ జర్మన్‌లోకి మార్చింది. ఫ్రావు బ్రోడర్సన్ పెన్ను రెండో ప్రశ్న పక్కన నిలిపి ఫోన్ వైపు చూస్తోంది.

లక్ష్మణరావు గొంతు సవరించుకున్నాడు.

“ఎవరండీ మాట్లాడేది?” అన్నాడు, ఆ గొంతు ఎన్నడూ విననట్టు.

హైమావతి కలం కింద పెట్టి, ఆ మాట కూడా జర్మన్‌లో చెప్పింది.